టైర్ల కింద నిమ్మకాయలు

మా ఉమక్క విమానం లేపింది. ముందుగాల్నే చెప్తున్న, ఎందుకంటె ఈ ముచ్చట ఇప్పటికె మీ దాక వచ్చి ఉంటది, వచ్చింది తప్పు వచ్చి ఉంటది. నాగర్‌కర్నూల్ బస్టాండుల ఏపచెట్టంత ఎత్తు లేసిందంటున్నరు. వనపర్తికి పోయేసరికి సెల్లు టవరు దాటింది. గద్వాల దిక్కు ఇటిక్యాలల మా చిన్నమ్మ జోగులమ్మ ఉంటది. ఆమె ఫోన్ చేసి, "ఉమ కృష్ణా నది దాటి మా ఇంటి మీదికెల్లే పోయిందంట గదరా, దిగి ఇంత చాయ తాగి పోతె ఏం పోతుండె" అని అలిగింది.

అబద్ధాలకు ఊర్ల నాకు మంచి పేరే ఉంది. అయినా ఈ ఒక్క ముచ్చటల నేను ఏం కలపను. కలిపెటందుకు జాగ లేదు. విమానం లేసింది మేకంత ఎత్తు. నిలబడ్డ మేక.

ఆ విమానం కట్టింది అక్క పెనిమిటి, మా కురుమూర్తి బావ. తెలకపల్లి పక్కన పల్లె వాళ్లది. బావ శంషాబాద్ ఎయిర్‌పోర్టుల సామాన్ల బండి నడిపెటోడు. లోకమంత విమానానికి రెక్కలు చూస్తది, బావ టైర్లు చూసిండు. అన్ని ఏండ్లు విమానాల కడుపుల మంది సంచులు పెట్టిండు గని ఒక్కనాడు లోపల కూసోలె. నౌకరి ఇడిసి ఊరికి వచ్చినంక, ఇగ నా విమానంల నేనే కూసుంట అని షెడ్డుల మొదలువెట్టిండు. పాత కారు ఇంజను, అల్యూమినియం పైపులు, టెంటు బట్ట, వడ్లాయన కట్టెతోని చెక్కిన పంకా, కింద రెండు స్కూటర్ టైర్లు, తోకకు ఇంత చిన్న చక్రం. లోపల ఒక్కటే సీటు.

"రెక్కలదేముందిరా ప్రశాంతు, అవి ఊకె ఉంటయ్" అనెటోడు బావ. "పైన ఉన్నంతసేపు విమానానికి కష్టం లే. భూమి మీదికి వచ్చినప్పుడే దాని బాధ. ఆ బాధంత మోసేది టైర్లు."

"నీ విమానం పైకి పోనే పోకపాయె బావా, దాని టైర్లకు ఏం బాధ?"

"నీ అసుంటి బామ్మర్ది ఉన్నంక టైర్లకెందుకు, ఉన్న బాధంత నాకే."

విమానం పోలె అంటె పనికి రాలేదని కాదు. ఐతారం ఐతారం బావ ఇంజను నడిపి చూసేటోడు. ఆ పంకా గాలి ఎనక దిక్కు ఎట్ల కొడుతుండె అంటె, అక్క చాటల కందులు తీస్కొని తోక కాడ నిలవడి తూర్పార పట్టుకునేది. అది చూసి పక్కింటోళ్లు వచ్చిండ్రు. వాళ్లను చూసి పక్క ఊరోళ్లు వచ్చిండ్రు. సుట్టుపక్కల సగం కందులు విమానం గాలికే బాగయినయ్. పొట్టు పోయి ఎవలెవలి ఇండ్లల్ల పడ్డదో, వాళ్లు ఇప్పటికి మాతోని మాట్లాడరు. మా ఊర్ల చిన్న పోరలను అడిగితె అది తూర్పార మిషిన్ అనే చెప్తరు. అంత గాలి కొట్టినా, అది ఉన్నకాన్నుంచి ఇంచు కదిలింది లే. టైర్లల్ల గాలి పోయి ఎన్నడో భూమికి అతుక్కుపోయినయ్. బ్రేకులు పెట్టలేదేంది బావా అంటె, "కదిలితె గదా" అన్నడు. అది నిజమే అనిపించింది నాకు.

పోయినేడు పత్తి పోసెటందుకు షెడ్డు లేక ఇంట్ల పోసినం. అన్నం పత్తి మీద కూసొని తిన్నం. టీవీ పత్తిల మునిగిపోతె సీరియల్లు చెవులతోటి చూసినం. ఈయేడు పత్తి పగిలిననాడు అక్క చేనుకెల్లి వచ్చి, కొంగుల పత్తి కుప్ప మీద పోసి, బావ ముంగట నిలవడ్డది.

"ఈ పత్తి నీ మెడల ఎయ్యాల్నా?"

"షెడ్డుల ఒక దిక్కు…"

"ఒక దిక్కు ఏడుంది? ఆ రెక్క ఈ గోడకాన్నుంచి ఆ గోడ దాక ఉండె. ఇను. దసరా నాడు అది షెడ్డు కాన్నుంచి గట్టు దాక తనంతట తాను పోవాలె. ఎవలు నూకద్దు. పోయిందా, ఉంటది, నేను నోరెత్త. పోలేదా, పాల్ ఆటో ఎక్కుతది. నేను పాల్‌కు ఫోన్ కూడ చేసిన."

పాల్ అంటె పాత సామాన్ల పాల్. ఆటోకు మైకు కట్టుకొని ఊరూరు తిరుగుతడు.

బావ మొగం గాలి తీసిన ట్యూబు లెక్క అయింది. చెయ్యి పోయి విమానం ముక్కు మీద ఆనింది. అది చూసి నాక్కూడ ఎటో అయింది, రెండు నిమిషాలు పరాష్కాలు బంద్ వెట్టిన.

తెల్లారి పొద్దున బావ నా షాపుకు వచ్చిండు. నాది తెలకపల్లిల పంచర్ షాపు. మా దగ్గర రెండు రకాల గాలి దొరుకుతది: నాగర్‌కర్నూల్ గాలి, శ్రీశైలం గాలి. శ్రీశైలం గాలి అడవిల పుట్టింది గనుక సల్లగుంటది, దానికి జర ఎక్కువ తీస్కుంట. కొట్టే మిషిన్ ఒక్కటే. ఒక సారు ఇప్పటికి కారుకు శ్రీశైలం గాలే కొట్టియ్యుమంటడు, మైలేజి పెరిగిందంటడు.

"టైర్లు మార్చాలెరా" అన్నడు బావ. "ఎయిర్‌పోర్టుల నైట్రోజన్ కొడుతరు."

"మనకాడ శ్రీశైలం ఉంది."

షెడ్డుకు పోయి చూసినం. బావ పైలట్ల లెక్క చేతులు ఎనక కట్టుకొని విమానం చుట్టు తిరిగిండు. "ముందు పక్కలు చూడాలె. పగుళ్లున్నయా. నరాలు బయటికి కనవడ్తున్నయా. తర్వాత ఒక్కకాన్నే అరిగిందా చూడాలె." పక్కలల్ల పగుళ్లు ఎట్లున్నయంటె, చీమలు కాపురం పెట్టి, పిల్లల పెండ్లిండ్లు చేసి, వేరువడ్డట్టు కూడ ఉన్నయ్. టైరు పొట్ట కింద కూసున్న బర్రె పొట్ట లెక్క పరుసుకుంది. దాంట్ల సర్కారు తుమ్మ ముండ్లు ఎన్నున్నయో. మా దిక్కు ఆ ముల్లు ట్రాక్టర్ టైరును సుత ఇడువదు. నా షాపు నడిచేదే ఆ చెట్టు దయ మీద.

జాకీ పెడ్తె పైపు వంగుతదన్నడు బావ. అందుకని నేను రెక్క కింద వీపు పెట్టి లేపితె, బావ అక్క రోలు దొర్లించుకొచ్చి బోర్లించి ఇరుసు కింద పెట్టిండు. స్కూటర్ రిమ్ము రెండు ముక్కలుంటది, నట్లు ఇప్పితె ఇడిపోతది. అయితె ముందుగాల గాలి మొత్తం తియ్యాలె, తీసినంకనే నట్లు. టైరుల గాలి ఉన్నదేమోనని నేను పిన్నుతోని వాల్వు ఒత్తి మల్లొకసారి చూసిన.

"ఎందుకు అంత భయం?" అన్నడు బావ.

"గాలి తియ్యకుంట నట్లు ఇప్పినోడు ఒకడుండె బావా మా దగ్గర. మనిషి బాగనే ఉన్నడు. చెప్పులు వంగూరుల దొరికినయ్."

కొత్త టైర్ల లోపల చెయ్యి పెట్టి తిప్పి చూసినం, ఏమన్న గుచ్చుకునేది ఉందేమోనని. ట్యూబుకు పౌడర్ చల్లాలె, లేకుంటె టైరుకు అతుక్కొని మడత పడి నలుగుతది. షెడ్డుల పౌడర్ ఏడుంటది. నేను ఇంట్లకు పోయి అక్క మొగానికి రాసుకునే డబ్బా తెచ్చిన. సగం చల్లినంక అక్క తలుపుల నిలవడి ఉంది.

"పెండ్లయిన కాన్నుంచి గీ డబ్బా ఎప్పుడు కొన్నవ్ అని అడగలె ఈయన" అన్నది. "దాని టైరుకు మట్టుకు మల్లెపూల వాసన కావాల్నా?"

"నేను కాదు, నీ తమ్ముడు…"

"నువ్వు మాట్లాడకు."

పోయింది. డబ్బా మాత్రం తీస్కపోలె. అది మేం మంచి శకునం అనుకున్నం.

ట్యూబు వేసి కొంచెం గాలి పెట్టి, మల్ల మొత్తం తీసి, మల్ల పెట్టిన. అట్ల చేస్తె ట్యూబు లోపల సక్కగ పరుసుకుంటది. నట్లు బిగించినం. ఇరుసు నట్టుకు పాత పిన్ను వెయ్యబోతె బావ చెయ్యి పట్టుకున్నడు. "ఒకసారి వంచిన పిన్ను మల్ల వెయ్యద్దు, కొత్తది వెయ్. రూపాయి పిన్ను ఇరిగితె చక్రం ఒక దిక్కు, మనిషి ఒక దిక్కు." రోలు తీసి దించినం. విమానం తన కాళ్ల మీద తాను నిలవడ్డది. బావ కండ్లల్ల నీళ్లు తిరిగినయ్, పౌడర్ పడ్డదన్నడు. తర్వాత రెండు పెద్ద రాళ్లు తెచ్చి టైర్ల ముంగట పెట్టిండు. ఎయిర్‌పోర్టుల రబ్బరు దిమ్మెలు పెడ్తరంట, విమానం నిలవడ్డకాడ దిమ్మెలు లేకుంటె నౌకరి పోతదంట.

దసరా పొద్దుగాల్నే ఎంకమ్మ అత్తమ్మ షెడ్డుకు వచ్చింది. అత్తమ్మ అంటె బావ వాళ్ల అమ్మ. చేతిల కందెన గొట్టం ఉంది. ఎనకట ఎద్దుల బండి ఇరుసుకు పూసే కందెన, ఆముదంల కాల్చిన గడ్డి మసి కలుపుతరు. బండి అమ్మింది నేను పుట్టక ముంగటి మాట, కందెన మట్టుకు ఆమె ఏటేట కొత్తది చేసి సూరుకు ఏలాడదీస్తది.

"అత్తమ్మా, దాంట్ల బేరింగులున్నయ్, గ్రీజు పెట్టినం" అంటి.

"మీ గ్రీజు మీరు పెట్టిండ్రు పిలగా. నా కందెన నేను పెడ్త. కందెన లేని బండి ఇంటి కడప దాటొద్దు."

పెట్టింది. రెండు చక్రాలకు, తోక చక్రానికి, మిగిలింది తలుపు బందులకు.

విమానాన్ని షెడ్డు బయటికి తీసుడంటె ఎనకట ఆరేడుగురం కలిసి నూకినా కదలకపోతుండె. ఆనాడు మంది వస్తరని ఆగినం. ఈలోపల బావ రాళ్లు జరిపి ఊకె ఒక్క చెయ్యి పెట్టిండు. అది బయటికి వచ్చి నిలవడ్డది, పిలిస్తె వచ్చే లేగదూడ లెక్క. మస్తు సంబురపడ్డం. ఆ సంబురంల ఎవలికి ఇంకో ఆలోచన రాలె. బావ మట్టుకు అలవాటు కొద్ది రాళ్లు తెచ్చి మల్ల ముంగట పెట్టిండు.

ముంగట చెల్క ఉంది, ఈయేడు పెట్టుబడి లేక ఇడిసిన చెల్క. దాని కొసకు గట్టు. గట్టు అవతల లోతుగ బండ్ల బాట. బాట దాటితె మా పత్తి చేను. పాల్ అప్పటికె వచ్చి బాటల ఆటో పెట్టుకొని కూసున్నడు, గట్టు మీదికెల్లి ఆటో కప్పు మట్టుకె కనవడ్తుంది. మైకు బంద్ చేసుడు మర్చినట్టున్నడు, అది మోగుతనే ఉంది. "పాత ఇనుము కొంటం, పాత కూలర్లు కొంటం, పాత బ్యాటరీలు కొంటం."

"ఇగ ఎక్కి నడుపుత, గట్టు దాక పోయి ఆపుత" అన్నడు బావ.

"పూజ కాకుంట ఎట్ల నడుపుతవురా" అన్నది అత్తమ్మ. పళ్లెంల పసుపు, కుంకుమ, కర్పూరం, రెండు నిమ్మకాయలు. టైర్లకు బొట్లు పెట్టింది. నిమ్మకాయలు పెడ్దామని వంగితె రాళ్లు అడ్డం ఉన్నయ్. "గీ రాళ్లేంది? పిలగా, తియ్యి ఇవ్వి."

"అమ్మా, రాళ్లు తియ్యద్దు" అన్నడు బావ.

"రాయి అడ్డం పెట్టి బండికి పూజ చేస్తరా ఎవలన్న? దారి నడిచెటందుకు మొక్కుతున్నమా, ఆగెటందుకా?"

బావ నా దిక్కు చూసిండు. నేను బావ దిక్కు చూసిన. ఇన్నేండ్లు ఎన్నిసార్లు ఇంజను నడిపినా ఇంచు కదలని విమానం. సగం జిల్లా కందులు తూర్పార పట్టిన విమానం. అది ఎటు పోతదన్న ఆలోచన మా ఇద్దరి తలకాయలల్ల దొరకలె. రాళ్లు తీసి అవతల పెట్టిన. అత్తమ్మ ఒక్కో టైరు కింద ఒక్కో నిమ్మకాయ పెట్టింది.

"బండి మోగంగ హారతి ఇయ్యాలె. ఇంటి ఇల్లాలు ముందుగాల కూసోవాలె. ఉమా, ఎక్కు."

"నేనా?" అన్నది అక్క. పట్టు చీర కట్టింది, చేతిల కొబ్బరికాయలు, అరటిపండ్ల సంచి ఉంది. "పాత సామాన్లకు పోయే దాంట్ల నేనెందుకు కూసుంట?"

"పండుగ పూట నోరు మంచిగ పెట్టు. అద్ద గంట కూసుంటె అరుగుతవా?"

అక్క ఎక్కింది. మూతి ముడుసుకొనే ఎక్కింది. సీటు పక్కన రేసు కట్టె ఉంటది. కిందికి గుంజితె రేసు పెరుగుతది, ఇడిస్తె స్ప్రింగు దాన్ని పైకి తీస్కపోతది. అక్క దినాం మోపెడ్ మీద కూరగాయలు తెచ్చెటామె. మోపెడ్‌కు ముంగట కొక్కెం ఉంటది, కూసోంగనె సంచి దానికి తగిలిస్తది. చెయ్యి అలవాటు మనిషిని అడగదు. కొబ్బరికాయల సంచి తీస్కపోయి రేసు కట్టెకు తగిలించి, కొంగు సర్దుకుంది. కట్టె మొత్తం కిందికి దిగింది. ఇది మాకు తర్వాత తెల్సింది.

నేను తోక పట్టుకున్న. బావ ముంగట పంకా పట్టి గుంజిండు. ఎప్పుడైనా ఇంజను పది పన్నెండు సార్లు బతిమిలాడితె గని లెవ్వదు. ఆనాడు మొదటి గుంజుకే అందుకుంది.

తోక నా చేతిల ఉండె. తర్వాత నా చేతిల లేకుండె. నడిమిట్ల ఏమైందో నాకు తెల్వదు.

నిమ్మకాయలు పచ్చున చితికినయ్. అంత ఇంజను సప్పుడుల అది ఎట్ల ఇనవడ్డదని అడగకుండ్రి, ఇనవడ్డది. బావ పక్కకు దుంకిండు, రెక్క ఆయన తల మీదికెల్లి పోయింది. పోయినంక కూడ బావ చేతులు పంకా పట్టుకున్నట్టె గాలిల ఉన్నయ్. అత్తమ్మ పళ్లెంల కర్పూరం మండుతుంది, ఆమె చెయ్యి హారతి తిప్పుతనే ఉంది, ముంగట విమానం లేదు. ఎవలు అరవలె. అరవాలంటె ముందుగాల నమ్మాలె గదా.

అక్క మొగం నాకు కనవడలె. వీపు కనవడ్డది. బస్సుల కిటికి సీటు దొరికినోళ్ల లెక్క నిటారుగ ఉంది.

చెల్కల విమానం ఉరుకుతుంది. కొత్త టైర్లు, శ్రీశైలం గాలి, అత్తమ్మ కందెన. మా పనిల ఏం తప్పు దొరకదు. మేం మంచిగ చేసినకొద్ది అది జోరుగ పోతుంది. తోక లేసింది. ఇగ బావకు కాళ్లు వచ్చినయ్, "ఉమా" అని ఉరికిండు. ఎనక నేను. దుమ్ముల ఏం కనవడ్తలేదు, పాల్ మైకు మట్టుకు ఇనవడ్తుంది. "పాత ఇనుము కొంటం, పాత ఫ్రిజ్జులు కొంటం."

పాల్ గట్టు మీదికి తలకాయ పెట్టి చూసిండు. కొనెటందుకు వచ్చిన సామాను తనకోసం ఎదురు వస్తుంది. పాల్ మంచి యాపారి, ఎన్నో బేరాలు చూసిండు, అసుంటి బేరం మాత్రం చూడలె. ఆటో ఇడిసి బాట వెంబడి ఉరికిండు.

గట్టు వచ్చింది. మోపెడ్ మీద పోయెటప్పుడు ముంగట గుంత గని గట్టు గని వస్తె మనం ఏం చేస్తం? హ్యాండిల్ దగ్గరికి గుంజుకుంటం. అక్క కూడ ముంగట ఉన్న నిలువు కట్టెను రెండు చేతులతోని కడుపులకు గుంజుకుంది. విమానంల ఆ కట్టె గుంజుకుంటె ముక్కు పైకి లేస్తది. అక్కకు ఆ సంగతి తెల్వదు. విమానానికి తెల్సు.

టైర్లు గట్టును తాకినయ్. తర్వాత ఏం తాకలె.

గాలిల రెండు టైర్లు తిరుగుతున్నయ్. కుంకుమ బొట్లు, నిమ్మ తొక్కలు, అన్ని నాకు కనవడ్తున్నయ్. పాల్ ఆటో మీదికెల్లి పోయింది. "పాత కూలర్లు కొంటం" అంటుంది మైకు, దాని మీద మా అక్క పట్టు చీర కొంగు జెండా లెక్క పోతుంది. చిన్నప్పటి సంది జనాలను బెదిరిపిచ్చి వాళ్ల మొగాలు చూసి నవ్వుతుంటి. ఆ మొగం లోపలికెల్లి ఎట్లుంటదో ఆనాడు తెల్సింది. నోరు తెరిచే ఉంది, మూసుడు ఎట్లనో యాదికొస్తలేదు.

గట్టు తాకిన దెబ్బకు సంచి తెగింది. కొబ్బరికాయలు అక్క కాళ్ల మీద పడ్డయ్, స్ప్రింగు రేసు కట్టెను పైకి తీస్కపోయింది, ఇంజను గొంతు తగ్గింది. విమానం పత్తి చేన్ల దిగింది. దిగిందనే అంటున్న, పడ్డదనను. టైర్లు భూమిని తాకి ఒక్కసారి ఎగిరి మల్ల తాకినయ్, పేలలె. పత్తి చెట్లు దాన్ని జల్లెడల వడ్లు పట్టినట్టు పట్టి మెల్లగ ఆపినయ్. పంకా కొసలు ఇరిగి ఇంజను సప్పుడు ఆగింది. పత్తి లేసి చేనంత తెల్లగ ఎగిరి, జర సేపటికి మెల్లగ కిందికి దిగింది.

మేం ఉరికి పోయేసరికి అక్క లోపల అట్లనే కూసొని ఉంది. తల నిండ పత్తి. రెండు చేతులు కట్టె మీదనే ఉన్నయ్.

"ఉమా" అన్నడు బావ. "ఉమా, ఏమైంది, దెబ్బ తాకిందా?"

అక్క బావ దిక్కు చూసింది. మాట్లాడలె. మా అక్క మాట్లాడకపోవుడు మా ఇంట్ల ఎవలు ఎన్నడు చూడలె. విమానం లేసుడు కన్న దానికే మేం ఎక్కువ బెదిరినం. అత్తమ్మ కర్పూరం ఆరకుంట చెయ్యి అడ్డం పెట్టుకొని చెల్కంత నడిచి వచ్చి, మిగిలిన హారతి ఇచ్చింది. సగంల ఇడువద్దంట. అక్క అలవాటు కొద్ది కండ్లకు అద్దుకుంది. దిగింది. కాళ్ల కింద భూమిని ఒకసారి తొక్కి చూసుకుంది, ఇంటికి నడిచింది.

బావ టైరు పక్కన కూలవడ్డడు.

"పాల్, దీన్ని తీస్కపో" అన్నడు.

"అన్నా…"

"తీస్కపో. గట్టు దాక పోయింది, పందెం గెలిచింది, అయినా నాకొద్దు. ఆమెకు ఏమన్న అయితుండె." జేబులకెల్లి పానా తీసిండు. ఆ విమానం మీద ఆయన పెట్టిన మొదటి నట్టు ఏదో నాకు తెల్వదు గని, ఇప్పే మొదటి నట్టు ఎడమ చక్రానిది అయింది. చెయ్యి పట్టు దొరకక పానా జారుతుంది.

పాల్ దూరంగ నిలవడి, "నేను తీస్కపోలేనన్నా" అన్నడు. "అది నా ఆటో ఎక్కే రకం కాదు. మీదికెల్లి పోయే రకం."

అప్పుడు ఎనకకెల్లి అక్క గొంతు ఇనవడ్డది. ఇంటి దాక పోనే పోలె, గట్టు కాన్నుంచే మర్లి వచ్చింది.

"ఎవల్నడిగి ఇప్పుతున్నవ్?"

బావ పానా కింద పెట్టిండు.

"షెడ్డు కాన్నుంచి గట్టు దాక పోతె ఉంటదన్న. పోయిందా లేదా?"

"పోయింది గని ఉమా…"

"నువ్వు నడిపినవా?"

"లే."

"ఎవలు నడిపిండ్రు?"

బావ నేల చూసిండు. "నువ్వు."

"మరి అది ఎవలది?" అన్నది అక్క. తలలకెల్లి ఇంత పత్తి తీసి చూసి, పారెయ్యలె, కొంగుల కట్టుకుంది. "పాల్, నువ్వు పో, ఆ మైకు బంద్ చెయ్. పత్తి పోయినేటి లెక్కనే ఇంట్ల పోస్త. ఈయన షెడ్డుల దీని పక్కన పంటడు. బ్రేకులు పెట్టినంక ఇంట్లకు రానిస్త."

బావ తలకాయ ఎత్తిండు. అన్నేండ్లు ఎయిర్‌పోర్టుల చేసిన మనిషి, విమానం ఓనరును గంత దగ్గరి నుంచి మొదటిసారి చూస్తున్నట్టు చూసిండు.

"ఒరేయ్ ప్రశాంతు" అన్నది అక్క నా దిక్కు తిరిగి. "ఎడమ టైరుల గాలి తక్కువ పెట్టినవ్. చెల్కల పోతుంటె ఎడమకు గుంజింది. పైకి లేసినంక గుంజలె."

"రెండిట్ల సమానం పెట్టిన అక్కా. గాలి మీటరు పెట్టి చూసిన."

"గుంజింది అంటున్న."

వంగి ఎడమ టైరును బొటనేలుతో ఒత్తి చూసిన. మెత్తగుంది. చెయ్యి చుట్టు తిప్పితె దొరికింది, సర్కారు తుమ్మ ముల్లు, కుంకుమ బొట్టు పక్కన్నే. చెల్కల్నే గుచ్చుకున్నట్టుంది. నేను పంచర్ షాపోన్ని. మోపెడ్ నడిపె మా అక్క, ఇంజను అంత మొత్తుకోంగ, పట్టు చీర కొంగు ఎగరంగ, ఆ ముల్లు సంగతి కూసున్నకాన్నే పసిగట్టింది. నా నోరు మల్ల తెరుసుకుంది.

సాయంత్రం అయ్యేసరికి ఊరోళ్లం అందరం కలిసి విమానాన్ని చేన్లకెల్లి షెడ్డుకు నూకుకొచ్చినం. పంచర్ వేసి, రెండు టైర్లల్ల గాలి పెట్టిన. ఏ గాలి అని అక్క అడగలె, అడిగితె ఈసారి నిజం చెప్తుంటి. అత్తమ్మ వచ్చి, పొద్దుగాల నిమ్మకాయలు చితికినయ్ గనుక మల్ల కొత్తయి పెట్టాలన్నది. నేను పెడ్దామని వంగిన.

"ఆగు" అన్నది అక్క. పోయి పొద్దుగాల నేను తీసి పెట్టిన రాళ్లు తానే రెండు చేతులతోని ఎత్తుకొచ్చి, ఒక్కోటి ఒక్కో టైరు ముంగట దించింది. కాలుతోని తన్ని చూసింది, కదులుతయా అని. కదలలె. అత్తమ్మ చేతులకెల్లి నిమ్మకాయలు తీస్కొని రాళ్ల మీద పెట్టింది.

బావ షెడ్డుల ఒక మూలకు చాప పరుసుకుంటుండు. ఇంట్లకెల్లి అక్క పౌడర్ డబ్బా తెచ్చి విమానం సీటు మీద పెట్టి, "ఇది టైర్లదే ఇగ. నాకు కొత్తది తే" అన్నది.